లాభం... ఎనిమిదో ల్యాప్‌టాప్ తర్వాతే!

'పొద్దున తొమ్మిదింటికి వెళ్తారు. రాత్రి పదింటికి వస్తారు. ఆదివారం కూడా ఫోన్లే. మరి నెలాఖరుకి ఇంటద్దె కోసం చేబదులు ఎందుకండీ?'

సొంతంగా చిన్న రిపేరు షాపు నడుపుకునే చాలా ఇళ్లలో వినపడే ప్రశ్న ఇది. అడిగే ఇల్లాలికి అనుమానం, జవాబు చెప్పలేని ఆయనకి ఉక్రోషం. నిజానికి తప్పు ఇద్దరిదీ కాదు. షాపులో చేతినిండా పని ఉంది. గల్లాపెట్టెలో డబ్బు తిరుగుతోంది. కాకపోతే ఆ తిరిగే డబ్బులో మనది ఎంత అన్నదే ఇద్దరికీ తెలియదు. ఇల్లలకగానే పండగ కానట్టే గల్లా నిండగానే లాభం కాదు!

హైదరాబాదులో ఈ లెక్క అందరికంటే ఎక్కువ అవసరమైన ప్రాంతం ఒకటుంది. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ఎలా మారిపోయాయో మనకు తెలుసు. అద్దాల మేడలతోపాటే హాస్టళ్లొచ్చాయి, కర్రీపాయింట్లొచ్చాయి. అయ్యప్ప సొసైటీ లాంటి చోట్ల సందుల్లో 'ల్యాప్‌టాప్, మొబైల్ రిపేర్' బోర్డులూ వెలిశాయి. కీబోర్డు మీద కాఫీ ఒలికినా, బ్యాటరీ ఉబ్బినా, స్క్రీను పగిలినా కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చేది అక్కడికే. 

ఆ షాపుల్లో కూర్చునేవాళ్లకి పనితనం తక్కువేమీ కాదు. మైక్రోస్కోపు కింద వెంట్రుకంత టంకం ఊడినా పట్టేస్తారు. కానీ అదే మనిషిని 'అన్నా, ఈ బోర్డు బాగుచేస్తే నీకెంత మిగిలింది?' అని అడిగితే, కాస్త ఆలోచించి 'ఓ రెండు మూడు వేలు మిగిలుంటాయి' అంటాడు. ఆ 'ఓ రెండు మూడు వేలు' దగ్గరే ఉంది తిరకాసంతా.

మనకోసం మనం వేసుకునే లెక్క

మనలో చాలామందికి లెక్కలంటే ఏడాదికోసారి ఆడిటరు గారికి ఇచ్చే బిల్లుల సంచీ. ఆ లెక్క ప్రభుత్వం కోసం. జరిగిపోయిన ఏడాదిలో ఏం జరిగిందో అది చెబుతుంది. రేపు ఏ పని తీసుకోవాలో, దేన్ని వదులుకోవాలో, ఎంత అడగాలో చెప్పే లెక్క వేరే ఉంది. అది మనకోసం మనం వేసుకునేది. దాన్నే మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ అంటారు. 

పేరు పెద్దదని బెదిరిపోనక్కర్లేదు. మన ఇళ్లలో పిల్లలు ఒకప్పుడు 'ఐసీడబ్ల్యూఏ' అని, ఇప్పుడు 'సీఎంఏ' అని చదువుతున్నది ఈ విద్యే. దీనికోసం 1959లోనే పార్లమెంటు ఒక చట్టం చేసి ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. పెద్ద ఫ్యాక్టరీలు ఇందుకోసం ఉద్యోగుల్ని పెట్టుకుంటాయి. మన సందు చివరి షాపుకి ఒక నోటుబుక్కు చాలు.

ఎలాగో చూద్దాం. మాదాపూర్ సందులో ఒక ల్యాప్‌టాప్ రిపేరు షాపుని ఊహించుకుందాం. ఇద్దరు టెక్నీషియన్లు, కౌంటర్లో ఒక కుర్రాడు, ఓనరు. ఈ అంకెలు లెక్క తేలిగ్గా అర్థమవడానికి వేసుకున్నవే. మీ షాపుకి మీ అంకెలు వేసుకోండి, పద్ధతి మాత్రం అదే.

షాపు అద్దె 35,000. ఇద్దరు టెక్నీషియన్ల జీతాలు 50,000. కుర్రాడికి 14,000. కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లు 8,000. హాట్ ఎయిర్ మెషీను, మైక్రోస్కోపు లాంటివి ఏదో ఒకరోజు పాడవుతాయి కదా, వాటి తరుగు కింద నెలకి 4,000. టీలు, పెట్రోలు, చిల్లర ఖర్చులు 9,000. అన్నీ కలిపితే 1,20,000.

అయిపోయిందా? లేదు. అసలు మనిషిని మరిచిపోయాం. ఓనరు జీతం 40,000.

'సొంత షాపులో నాకు జీతమేంటండీ, మిగిలిందంతా నాదేగా' అంటారు చాలామంది. అక్కడే పొరపాటు పడుతున్నారు. ఇదే పని ఇంకో సర్వీస్ సెంటర్లో చేస్తే జీతం ఇస్తారా, ఇవ్వరా? ఆ జీతం కూడా రాకపోతే మనం వ్యాపారం చేస్తున్నట్టు కాదు. సొంత షాపులో ఊరికే పనిచేస్తున్నట్టు. ఇంకో మేలూ ఉంది. ఒకటో తారీఖున జీతం తీసుకునే ఓనరు, పిల్లల ఫీజుకనీ గ్యాసు బండకనీ రోజూ గల్లాలో చెయ్యి పెట్టడు. గల్లాపెట్టె ఇంటి బీరువా కాదు.

సరే, మొత్తం 1,60,000. పని ఉన్నా లేకున్నా నెల తిరిగేసరికి పెట్టక తప్పని ఖర్చు ఇది.

అమ్మేది పార్టు కాదు, గంట

రిపేరు షాపు ఏం అమ్ముతుంది? స్క్రీన్లు, బ్యాటరీలు అంటాం. కానీ స్క్రీను ఆన్‌లైన్లోనూ దొరుకుతుంది. షాపు నిజంగా అమ్మేది పని తెలిసిన మనిషి గంటని. కిరాణా కొట్టులో ఇవాళ అమ్ముడుపోని పప్పు రేపు అమ్ముకోవచ్చు. ఇవాళ ఖాళీగా పోయిన గంటని మాత్రం ఎన్నటికీ అమ్మలేం.

మన షాపులో ఎన్ని గంటలున్నాయి? ఇద్దరు టెక్నీషియన్లు నెలకి 26 రోజులు, రోజుకి 8 గంటలు... మొత్తం 416. ఓనరు సగం రోజు బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో 104. అంతా కలిపి 520 గంటలు. 1,60,000ని 520తో భాగిస్తే గంటకి 308 రూపాయలు. 'పర్లేదే!' అనిపిస్తుంది.

కానీ ఆ 520 గంటలకీ డబ్బులొస్తాయా? 'ఊరికే ఒకసారి చూడన్నా' అని వచ్చి, ధర విని వెళ్లిపోయేవాళ్లకి కొంత సమయం పోతుంది. పోయినవారం బాగుచేసిందే మళ్లీ పట్టుకొచ్చేవాళ్లకి కొంత, పార్టు కోసం ఎదురుచూపుల్లో ఇంకొంత. ఇవన్నీ పోగా నిజంగా బిల్లు వేయగలిగింది 320 గంటలే అనుకుందాం. ఇప్పుడు భాగించండి. గంటకి 500!

ఈ అయిదు వందల్ని బల్ల మీద గోడకి రాసిపెట్టుకోవాలి. పార్టు ఖరీదు పోను గంటకి 500 మిగలని పని ఏదైనా ఆ నెల అద్దెనో, జీతాల్నో, ఓనరు కష్టాన్నో తినేస్తున్నట్టే.

ఇక్కడినుంచి కొన్ని సంగతులు వాటంతటవే తెలిసిపోతాయి. 'ఇంటికొచ్చి చేస్తాం' అని బోర్డు పెట్టుకుని, సాయంత్రం ట్రాఫిక్‌లో టెక్నీషియన్ని మియాపూర్ పంపారనుకోండి. రానూపోనూ గంటన్నర అంటే 750 రూపాయలు. మీరు తీసుకునే విజిటింగ్ చార్జీ 200. అదే పనికి కౌంటర్ కుర్రాణ్ని పంపి ల్యాప్‌టాప్ షాపుకే తెప్పించుకుంటే? బల్ల దగ్గరి గంట బల్ల దగ్గరే ఉంటుంది.

మదర్‌బోర్డు మాయ

ఇప్పుడు రెండు పనుల్ని పక్కపక్కన పెడదాం.

స్క్రీను మార్చడం. కస్టమరు ఇచ్చేది 6,500. స్క్రీనుకి 4,800, తెప్పించడానికి 100 పోతే మిగిలేది 1,600. పట్టే సమయం ఒక గంట.

మదర్‌బోర్డు రిపేరు. కస్టమరు ఇచ్చేది 3,500. పార్టులకి 300 పోతే మిగిలేది 3,200. పట్టే సమయం అయిదు గంటలు.

ఓనరుని అడగండి. 'స్క్రీన్లలో ఏముందండీ, డబ్బంతా పార్టుకే పోతుంది. బోర్డు పనిలోనే లాభం' అంటాడు. గంటల లెక్కన చూస్తే స్క్రీను గంటకి 1,600 తెస్తోంది. బోర్డు తెచ్చేది 640. అయినా 500 కంటే ఎక్కువే కదా అంటారా? ఇంకొంచెం ఆగండి. 

పది బోర్డులు వస్తే పదీ బతకవు. మూడు పోయాయనుకుందాం. 'బాగవకపోతే డబ్బు తీసుకోం' అన్నది మన మాట. అంటే ఏడు బోర్డుల మీద మిగిలింది 22,400. పది బోర్డులకీ పట్టింది 50 గంటలు. గంటకి 448! ఊరంతా మెచ్చుకునే పని, పనివాడు గర్వంగా చెప్పుకునే పని... ప్రతి గంటకీ 52 రూపాయలు ఎదురిస్తోంది. పార్టులు వృథా కాలేదనుకుంటేనే ఈ లెక్క.

అలాగని బోర్డు పని మానేయమని కాదు. ఆ పేరు చూసే కదా స్క్రీను వాళ్లూ వచ్చేది. రెండు చిన్న మార్పులు చేద్దాం. ఒకటి, బాగవకపోతే చూసినందుకు 500 తీసుకుంటామని ముందే చెప్పడం. రెండు, రెండు గంటల్లో తప్పు దొరక్కపోతే ఆ బోర్డుని పక్కన పెట్టేయాలని గీత గీసుకోవడం. ఇప్పుడు ఏడు బోర్డులకి 35 గంటలు, బతకని మూడింటికి 6 గంటలు, మొత్తం 41. చేతికొచ్చేది 22,400కి ఇంకో 1,500 కలిపి 23,900. గంటకి దాదాపు 583. ఒక్క రూపాయి రేటు పెంచకుండానే నష్టం లాభమైంది.

టెక్నీషియనుకి ఈ రెండో మార్పు కష్టం. పట్టుకున్న బోర్డుని వదలాలంటే మనసొప్పదు. 'ఇంకో అరగంట చూస్తాను సార్' అంటాడు. ఆ పట్టుదలే అతణ్ని మంచి పనివాణ్ని చేసింది. దాన్ని కాదనకుండా, గడియారం చూసుకోవడం నేర్పాల్సింది ఓనరే.

ఎనిమిదోది వచ్చేదాకా...

నెలలో మనకొచ్చే చిన్నాపెద్దా పనులన్నీ చూస్తే, పార్టుల ఖర్చు పోను ఒక్కో దాని మీద సగటున 800 మిగులుతోందనుకుందాం. 1,60,000 రావాలంటే ఎన్ని పనులు చేయాలి? 200. నెలకి 26 రోజులు కాబట్టి రోజుకి దాదాపు ఎనిమిది. వ్యాపార భాషలో బ్రేక్ ఈవెన్ అంటే ఇదే. మొదటి ఎనిమిది ల్యాప్‌టాప్‌లూ షాపు ఓనరు గారి అద్దెకి, కరెంటుకి, జీతాలకి. తొమ్మిదోదాని మీద మిగిలేదే లాభం. 

రోజూ రాత్రి షట్టరు దించేముందు 'ఇవాళ ఎన్ని?' అని చూసుకుంటే చాలు. ఆరు దగ్గరే ఆగిపోతున్నామని నెల మధ్యలోనే తెలుస్తుంది. నెలాఖరున చేబదులుకి వెళ్లేదాకా ఆగక్కర్లేదు.

ఈ కదలని ఖర్చు సంగతి కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో జోసయ్య వెడ్జ్‌వుడ్ అని పేరుమోసిన పింగాణీ వ్యాపారి ఉండేవాడు. 1772లో అమ్మకాలు పడిపోయి ఇబ్బందుల్లో పడ్డప్పుడు ఒక్కో వస్తువుకీ అయ్యే ఖర్చుని కూర్చుని విడదీశాడు. అప్పుడు బోధపడింది... సరుకు ఎక్కువ చేసినా తక్కువ చేసినా కొన్ని ఖర్చులు అలాగే ఉంటాయని, కాబట్టి ఎక్కువ చేస్తే ఒక్కోదాని మీద పడే భారం తగ్గుతుందని. 

మన ఐటీ కారిడార్‌కి ఆ పాఠం 2020లో అందింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సొంతూళ్లకి వెళ్లిపోయారు. హాస్టళ్లు ఖాళీ. కస్టమర్లు లేరు, కానీ అద్దె ఆగలేదు. అలాంటప్పుడు 'ఎన్నాళ్లు తట్టుకోగలం?' అన్న ప్రశ్నకి జవాబు ఈ లెక్కలోనే ఉంటుంది. మన షాపు మూతపడినా అద్దె, జీతాలు కలిపి దాదాపు లక్ష కట్టాలి. మూడు నెలలకి మూడు లక్షలు. ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉంటే నిలబడతాం. లేదంటే మొదటి నెలలోనే అద్దె గురించి మాట్లాడుకోవాలి, తాకట్టు పెట్టేదాకా ఆగకూడదు.

పెద్ద ఆర్డరు వచ్చింది... తీసుకోవాలా?

ఐటీ కారిడార్‌లో ప్రతి రిపేరు షాపూ కలలుగనేది ఒక్కదాని కోసం. ఏదో ఒక కంపెనీ నుంచి ఫోను రావాలి. వచ్చిందనుకోండి. 'అరవై ల్యాప్‌టాప్‌లు సర్వీసింగ్ చేయాలి. ఒక్కోదానికి 500 ఇస్తాం.' క్లీనింగుకీ పేస్టుకీ 100 పోతే మిగిలేది 400, పట్టేది ఒక గంట. మన గీత 500. అంటే వద్దనాలా?

ఇక్కడే కాస్త బుర్ర పెట్టాలి. ఆ అరవై గంటలూ ఎలాగూ ఖాళీగా పోయేవైతే, అద్దె ఎలాగూ కడుతున్నాం, జీతాలు ఎలాగూ ఇస్తున్నాం. వచ్చే 24,000 రూపాయలూ మనవే. కళ్లకద్దుకుని తీసుకోవాలి. అలా కాకుండా, రోజువారీ కస్టమర్లని 'రేపు రండి' అని తిప్పి పంపి ఈ పని చేస్తే? ఆ అరవై గంటల్లో వాళ్ల దగ్గర రావలసిన 30,000 పోగొట్టుకుని 24,000 తెచ్చుకున్నట్టు. ఆరు వేలు నష్టం. పైగా తిరిగి వెళ్లిన కస్టమరు మళ్లీ వస్తాడన్న నమ్మకం లేదు. ఒకే ఆర్డరు, ఒకే రేటు... ఒక షాపుకి లాభం, పక్క షాపుకి నష్టం. తేడా అంతా ఖాళీ గంటల్లో ఉంది.

డబ్బు ఎప్పుడిస్తారన్నది ఇంకో ప్రశ్న. జీతాలకి అరవై రోజులు ఆగమని టెక్నీషియన్లకి చెప్పలేం కదా! 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం మనకి ఇక్కడ అండగా ఉంది. నమోదు చేసుకున్న చిన్న సంస్థలకి, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులకి మించి బాకీ ఆపకూడదు. ఆపితే వడ్డీ కట్టాలి. ఇందుకు ఉపయోగపడే 'ఉద్యమ్' రిజిస్ట్రేషను ఆన్‌లైన్లో ఉచితం. ఆర్డరు వచ్చాక పరుగెత్తకుండా ముందే చేయించుకుని ఉంచుకోవాలి.

అలాగే జీఎస్టీ. సేవలందించే షాపు వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటితే నమోదు తప్పదు. బిల్లులో వేసే 18 శాతం మన గల్లాలో కనిపిస్తుంది గానీ మనది కాదు. దాన్ని చూసి 'ఈ నెల బాగుంది' అనుకుంటే వచ్చే నెల గొంతు మీద కూర్చుంటుంది.

అటక మీద నిద్రపోయే డబ్బు

పార్టుల కోసం మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి. ఎలక్ట్రానిక్ విడిభాగాలకైతే కోఠీ గుజరాతీ గల్లీకి. మాదాపూర్ నుంచి వెళ్లిరావాలంటే ఒక పూట పోతుంది. అందుకని ఒక్కోసారి 'చవగ్గా వస్తున్నాయి' అని పదేసి స్క్రీన్లు తెచ్చి పెడతారు. వాటిలో నాలుగు అమ్ముడుపోతాయి. ఈలోగా ఆ మోడలు పాతబడిపోతుంది. మిగిలిన ఆరూ అటకెక్కుతాయి. ఒక్కోటి 4,800 అయితే 28,800 రూపాయలు అక్కడ నిద్రపోతున్నాయి. ఇంట్లోవాళ్లు అడిగిన 'డబ్బులేవీ?' అన్నదానికి సగం జవాబు ఆ అటక మీదే ఉంది!

పోయిన మూడు నెలల బిల్లులు తిరగేస్తే ఏ పార్టు ఎన్నిసార్లు వాడామో తెలుస్తుంది. వారానికోసారైనా వాడేవి షాపులో ఉంచుకోవాలి. మిగతావి అడ్వాన్సు తీసుకున్నాకే తెప్పించాలి. మార్కెట్‌కి రోజూ వెళ్లేబదులు వారంలో రెండు రోజులు పెట్టుకుంటే పెట్రోలూ పూటా రెండూ కలిసొస్తాయి.

ఒక నోటుబుక్కు చాలు

వీటన్నిటికీ సాఫ్ట్‌వేర్లు కొనక్కర్లేదు. వంద పేజీల నోటుబుక్కులో అయిదు గళ్లు గీయండి. ఏం పని, కస్టమరు ఇచ్చింది ఎంత, పార్టులకి అయింది ఎంత, ఎన్ని గంటలు పట్టింది, మళ్లీ తిరిగొచ్చిందా. ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు ఒక్క నిమిషం పడుతుంది రాయడానికి. ఊరికే చూసి పంపేసినవీ రాయాలి. అసలు గుట్టంతా వాటిలోనే ఉంటుంది. 

రాత్రి ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లండి. కూడికలు, భాగహారాలు ఇంట్లో ఎవరైనా చేయగలరు. ఇంటి బడ్జెట్‌ని నెలనెలా రూపాయి తేడా రాకుండా నడిపే ఇల్లాలికి ఇదేమంత లెక్క! పదో తరగతి చదివే పిల్లలకైతే ఇంతకంటే మంచి లెక్కల పాఠం దొరకదు.

ఒక్క జాగ్రత్త. గంటలు రాయమన్నామని టెక్నీషియన్ నెత్తిన గడియారం పెట్టి నిలబడొద్దు. తొందరపడి బిగించిన ల్యాప్‌టాప్ వారంలో తిరిగొస్తుంది. అప్పుడు పోయేది ఇంకో 500. తిరిగొచ్చినవి ఎన్నో చూపించే అయిదో గడి ఉన్నది ఆ తొందరని పట్టుకోవడానికే. 

నెల రోజులు రాస్తే షాపు ముఖచిత్రం తెలిసిపోతుంది. కొన్ని పనుల రేటు పెంచాల్సి రావచ్చు. కొన్నిటిని పక్క షాపుకి పంపాల్సి రావచ్చు. ఒక్కోసారి 'ఈ అద్దెకి ఈ సందులో కుదరదు, కాస్త లోపలికి మారదాం' అనో, 'జీతానికి వెళ్లడమే నయం' అనో తేలొచ్చు. అదీ మంచిదే. మూడేళ్లు అప్పులు చేశాక తెలియడం కంటే మూడు నెలలకే తెలియడం మేలు కదా.

ఈసారి నెలాఖరున ఇంట్లో ఆ ప్రశ్న ఎదురైతే ఉక్రోషపడకుండా పుస్తకం చేతికివ్వండి. 'పోయిన నెల రోజుకి ఆరే వచ్చాయి. ఎనిమిది దాటితే చేబదులు అక్కర్లేదు' అని చెప్పండి. ఆ తర్వాత రోజూ రాత్రి తలుపు తీస్తూ ఆవిడే అడుగుతుంది.

'ఇవాళ ఎన్నండీ?'